మా అవ్వ పాటలు, పదిహేడు మంది పేర్లు

మా అవ్వ కట్టిన బతుకమ్మ పాటలు మొత్తం ముప్పై ఒకటి. అందులో తొమ్మిది ఇప్పుడు ఎవరికీ రావు. నాలుగింటికి మొదటి పాదం మాత్రం మిగిలింది. తర్వాత ఏమొస్తుందని అడిగితే పాడేవాళ్లు "ఉయ్యాలో" అని అక్కడే ఆగిపోతారు. అవ్వ గొంతు ఒకే ఒక్క క్యాసెట్టులో ఉండేది. దాని మీద మా చిన్నాయన తన కొడుకు పెండ్లి బ్యాండు రికార్డు చేయించాడు. రేషన్ కార్డు కోసం తీసిన ఫోటో ఒకటి ఉండేది, ఇల్లు మారినప్పుడు పోయింది. ఆ పాటలు పుట్టిన వాకిలి, చల్ల చిలికిన కవ్వం, ఇంటి వెనక అంగూర్ తోట, వీటిని కూడా పోయినవాటి కిందే రాసుకోవాలి. మిగిలినవి పద్దెనిమిది పాటలు. వాటిలో పదిహేడింటి చివర వేరేవాళ్ల పేర్లు ఉన్నాయి. ఒకదానికి చివరే లేదు.

ఈ లెక్క నేను ఊరికే వేయలేదు. పోయిన ఆషాఢంలో మా ఇంటికి ఇద్దరు వచ్చారు. మేడ్చల్‌లో కొత్త పార్కులో ఒక గోడ కడుతున్నారట. ఈ చుట్టుపక్కల పుట్టి పేరు తెచ్చుకున్న కవులు, కళాకారులు, నాయకుల కోసం దాని మీద నల్లరాతి పలకలు పెడతారు. వచ్చినవాళ్లలో పెద్దాయన రిటైరైన లెక్చరర్, నెమ్మదస్తుడు. నేను భూమి కొలతలు లెక్కగట్టే మనిషిని. ఏడో తరగతితో చదువు ఆగిపోయినా, వంకర చేనును ముక్కలు చేసి గుంటల్లో ఎంత, గజాల్లో ఎంత అని చెప్పడం సొంతంగా నేర్చుకున్నాను. రిజిస్ట్రేషన్‌కు ముందు జనం నా దగ్గరికి వస్తారు. ఆయన కూడా ప్లాటు సంగతికే వచ్చాడనుకుని కాగితాలు అడిగాను. కాదమ్మా, మీ అవ్వ సత్తెవ్వ గారి గురించి అన్నాడు. బయటి మనిషి ఒకరు అవ్వ పేరును గారు చేర్చి పలకడం నేను వినడం అదే మొదలు. గోడ మీద కవుల వరుసలో ఆమెకు ఒక పలక ఇవ్వాలని అనుకుంటున్నారట. షరతు ఒక్కటే. పలక మీద రెండు పాదాలు చెక్కుతారు, అందులో కవి పేరు ఉండాలి. ఇంతకుముందే ఒక పాట మాదంటే మాదని రెండు కుటుంబాలు గొడవ పడ్డాయట, అందుకని ఈ నియమం పెట్టుకున్నారు. జానపదాల్లో చివరి చరణంలో పేరు పెట్టుకోవడం మామూలే కదా, ముప్పై పాటల్లో ఒక్కటి చూపించండి చాలు అన్నాడు. బతుకమ్మ పండుగకు గోడ తెరుస్తారు, ఈలోపు ఇవ్వమన్నాడు. ఒక్కటి చాలన్నాడు గనుక నాకు ఇబ్బంది అయింది. పది కావాలంటే కుదరదని అప్పుడే చెప్పేసేదాన్ని.

అవ్వ కూర్చుని పాట కట్టగా నేను చూడలేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి కాగితంతో పని లేదు. పొద్దున చల్ల చిలికేటప్పుడే కట్టేది. వాకిట్లో గుంజకు కవ్వం కట్టి, తాడు ఇటు లాగి అటు లాగి, ఆ ఊపులో ఒక పాదం అనేది. నేను పక్కన పీట మీద కూర్చుని చప్పట్లు కొట్టాలి. పాదానికి నాలుగు, చరణానికి ఎనిమిది. ఎక్కడన్నా చప్పట్టు తేలిపోతే, అంటే మాట లేనిచోట చెయ్యి పడితే, నేను చెప్పాలి. నాకు లెక్క అబ్బింది అక్కడే, బడిలో కాదు. ఆ వాకిలికి ఒక వాసన ఉండేది. ఇంటి వెనక అంగూర్ పందిళ్ల మీది ద్రాక్షకు కొట్టడానికి నాయిన మైలుతుత్తం, సున్నం తొట్టిలో కలిపేవాడు. దాని వగరు వాసన, పులిసిన చల్ల వాసన, పండుగ రోజుల్లోనైతే తడి గుడ్డ కింద పెట్టిన గునుగు పువ్వు వాసన. నాయిన బనీన్లన్నీ నీలంగా ఉండేవి. మా అమ్మ వాటిని ఎంత ఉతికినా ఆ రంగు పోయేది కాదు, ఆమె ఉతకడం మానేదీ కాదు.

పాటలో మాట తట్టకపోతే అవ్వ తాడు వదిలేసేది. వెన్న పడబోతూ ఆగిపోయేది. ఇంకెవరైనా అయితే ఏదో ఒక మాట వేసి ముందుకు పోతారు. అవ్వ పోదు. గేటు తీసుకుని లోపలికి ఎవరొస్తే వాళ్లను నిలబెట్టి, కథ చెప్పి, ఇక్కడ ఒక మాటియ్యి అని అడిగేది. గాజులు అమ్మే ఆమెను అడిగింది, ఉత్తరాలు తెచ్చే ఆయనను అడిగింది, సూది వేయడానికి వచ్చిన డాక్టరును అడిగితే ఆయన సూది చేతిలో పట్టుకుని ఆలోచించాడు. చిల్లర బాకీ ఇవ్వడానికి వచ్చిన బస్సు కండక్టరు కూడా ఒక మాట ఇచ్చి పోయాడు. నన్ను మాత్రం ఎన్నడూ అడగలేదు. ఒకసారి నేనే చెప్పబోతే, నువ్వు లెక్కకు ఉన్నవు, మాటకు కాదు అన్నది. కోపంతో అనలేదు, పని పంచుతున్నట్టు అన్నది. చల్ల పాడైనందుకు మా అమ్మ లోపల గిన్నెలు గట్టిగా పెట్టేది. ఆ ఇంట్లో అత్తకు ఎదురు చెప్పడానికి ఉన్న మార్గం అదొక్కటే.

మాట ఇచ్చినవాళ్ల పేరు సద్దుల నాడు, అంటే తొమ్మిదో రోజున, చివరి చరణంలో వచ్చేది. పాట వాళ్లదైపోయేది. నలభై చరణాలు అవ్వవి, ఒక్క మాట వాళ్లది, అయినా పేరు వాళ్లదే. నాకు పదేళ్లు ఉన్నప్పుడు ఈ లెక్క తప్పని అవ్వతో వాదించాను. ఇల్లంతా నీదే గదా, వాళ్లిచ్చింది ఒక్క దూలమే గదా అన్నాను.

"దూలం లేకుంటే అది ఇల్లు గాదే, నాలుగు గోడలు," అన్నది అవ్వ. "గా దూలం అడిగి తెచ్చుకుంటిమి. ఇచ్చినోళ్ల పేరు జెప్పకుంట ఇంట్లకు ఎట్ల పోతవు?"

ఆ తర్వాతి ఏడే అంగూర్ పాట వచ్చింది. కాయ కోసిన దగ్గర నుంచి మార్కెట్టు దాకా వరసగా కట్టింది. గుత్తులు గంపల్లోకి వచ్చాయి, గంపల మీద గడ్డి పరిచారు, ఇక ఎక్కించాలి. "బండి ఎక్కేనమ్మ ఉయ్యాలో" అని అన్నది, నేను చప్పట్టు కొట్టాను, తేలిపోయింది. బండి పొట్టి మాట, పావు చప్పట్టు తక్కువ పడింది. అవ్వ తాడు వదిలేసింది. అదే సమయానికి బుచ్చన్న లోపలికి వచ్చాడు. ఆయన అప్పటికి ఇంకా సర్పంచ్ కాలేదు, పోటీ చేద్దామా వద్దా అని నాయినను అడగడానికి వచ్చాడు. ముందు అవ్వే తన పాట సంగతి చెప్పింది. బుచ్చన్న తువ్వాల భుజం మార్చుకుని, బండి ఎందుకత్తా, లారీ అను, ఇప్పుడు అందరు లారీలనే పంపుతున్నరు అన్నాడు. నేను కొట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది.

సద్దుల నాడు చివరి చరణం ఇలా వచ్చింది:

"లారీ ఇచ్చినోడు ఉయ్యాలో
బుచ్చన్న మావోడు ఉయ్యాలో."

అవ్వ లెక్కలో అది లారీ అనే మాట ఇచ్చినవాడని. మా వాకిట్లో ఆడినవాళ్లకు ఆ సంగతి తెలుసు. కానీ బాగున్న పాట వాకిట్లో ఉండదు. శివారు పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు నేర్చుకుని పోయారు, షామీర్‌పేట వైపు ఇచ్చిన ఆడపిల్లలు తీసుకుని పోయారు. అక్కడ విన్నవాళ్లు బుచ్చన్న అనే మహానుభావుడు రైతులకు లారీ దానం చేశాడని అర్థం చేసుకున్నారు. మా పంచాయతీ కింద ఉన్న పల్లెల వాళ్లు ఆయనను చూడటానికి వచ్చి, లారీ ఏదని అడగకుండా దండం పెట్టి పోయారు. ఆయన కూడా లేదని చెప్పలేదు. సర్పంచ్‌గా గెలిచాడు. గెలిచాక మా ఇంటికి వచ్చి అవ్వ కాళ్లు మొక్కితే, మాటకు పేరు ఇచ్చిన, చెల్లిపోయింది, ఇగ మీ తిప్పలు మీరు పడుండ్రి అన్నది.

అంగూర్ తోటకు ఆ తర్వాత మంచి రోజులు ఎక్కువ లేవు. బోర్లు ఎండాయి. నాయిన పందిళ్లను మోసే రాతి కడీలు పీకి అమ్మాడు, తర్వాత భూమిలో సగం ప్లాట్లు చేసే వెంచర్ వాళ్లకు ఇచ్చాడు. దున్నిన చేనులో తెల్ల సున్నం పూసిన హద్దు రాళ్లు వరసగా నాటారు. ఇంటి ముందటి రెండు గదులు కిరాయికి ఇచ్చాం. జీడిమెట్ల మందుల కంపెనీలో పని దొరికి భర్త వస్తే ఆయనతో పాటు వచ్చిన వరలక్ష్మి గారు అందులో దిగారు. వాళ్లది గోదావరి వైపు. నాకప్పుడు పదిహేడు, ఆమెకు మహా అయితే పాతిక. మా మాట ఆమెకు సగం అర్థమయ్యేది, ఆమె మాట మాకు సినిమాలో మాటలా వినిపించేది. పనయ్యాక తలుపు దగ్గర నిలబడి మా వాకిలి చూస్తూ ఉండేవారు. బతుకమ్మ ఆడుదాం రమ్మంటే, నాకు రాదండి, ఇక్కడి నుంచే చూస్తానండి అనేవారు.

ఆ ఏడు అవ్వ కట్టింది బర్రె పాట. కల్పించింది కాదు, మా బర్రె సంగతే. పొద్దున విప్పగానే అది అమ్ముకున్న చేనుకు పోయి, హద్దు రాళ్ల మధ్య నిలబడేది. మేయడానికి అక్కడ ఏమీ లేదు. కొట్టి తోలుకొచ్చినా మరునాడు మళ్లీ పోయేది. వెంచర్ వాళ్ల మనిషి రెండుసార్లు ఇంటికి వచ్చి, ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్లు బర్రెను చూసి అది కూడా వస్తుందా అని అడుగుతున్నారని చెప్పాడు. అవ్వ ఆ బర్రెకు ఏమైందో చెప్పే మాట దగ్గర ఆగింది. రంది అని చూసింది. రంది అంటే రేపటి గురించి పడేది, బర్రెకు రేపు తెల్వదు అని తీసేసింది. యాది అని చూసింది. యాదికైతే ఉన్నచోటనే తలుచుకోవచ్చు, అంత దూరం నడిచే పని లేదన్నది. రెండు రోజులు చల్ల పాడైంది. మూడో రోజు ముందటి గది తలుపులో ఉన్న వరలక్ష్మి గారిని కేకేసి, బిడ్డా, మా బర్రెకు ఏమైందంటవు అని అడిగింది.

ఆమె తలుపు వదిలి గడప మీదికి వచ్చారు. తర్వాత, "బెంగండి మామ్మగారూ," అన్నారు.

అదేమిటని అవ్వ అడిగితే ఆమె చెప్పబోయి చెప్పలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయారు. అవ్వకు అర్థం తెలిసిపోయింది. తాడు పట్టుకుని, "బీడైన చేనుకై ఉయ్యాలో, బెంగపడ్డది బర్రె ఉయ్యాలో" అన్నది. నేను కొట్టాను. చప్పట్లు నిండాయి.

సాయంత్రం ఆట దగ్గర గొడవైంది. అది మన మాట కాదని, ఆంధ్రోళ్ల మాట బతుకమ్మ మీద ఎట్ల పెడతావని ఇద్దరు ముగ్గురు నిలదీశారు. మీ దగ్గర ఇంకో మాట ఉంటే ఇయ్యుండ్రి, తీసేస్త అని అవ్వ అన్నది. ఎవరూ ఇవ్వలేదు.

"మనకు భూమి అమ్ముకున్న దుఃఖం ఇంతకుముందు ఉండెనా?" అన్నది అవ్వ. "దుఃఖమే కొత్తది. గా మాట మన దగ్గర యాడికెల్లి ఉంటది?"

సద్దుల నాడు నీ పేరు వస్తది, వాకిట్లకు రావాలె అని వరలక్ష్మి గారికి కబురు పంపింది. వస్తానన్నారు. గునుగు కోయడం నేర్చుకున్నారు, దానికి రంగు అద్దడం నేర్చుకున్నారు, నా చేత చప్పట్టు కొట్టించుకుని అడుగు వేయడం చూసుకున్నారు. నైవేద్యానికి చేసే మలీదలో బెల్లం ఎంత వేయాలని మా అమ్మను అడిగారు. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు ఆట ఉండదు. ఏడో రోజు పొద్దున అవ్వ లేవలేదు. చావు ఇంట్లో పండుగ లేదు. సద్దుల నాడు మా వాకిలి ఊడ్చి ఉండింది, అంతే. ఆ పాట చివరి చరణం అవ్వ మనసులో ఉండిందో, ఇంకా కట్టలేదో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు గోడ సంగతికి వస్తాను. నేను మొదట బుచ్చన్న కొడుకు రాజన్న దగ్గరికి పోయాను. అతనిది షామీర్‌పేట రోడ్డు మీద రియల్ ఎస్టేట్ ఆఫీసు. మంచివాడే, నా లెక్క మీద నమ్మకంతో మనుషులను పంపిస్తుంటాడు. గోడ మీద నాయకుల వరుసలో బుచ్చన్నకు పలక ఖాయమైంది, కింద లారీ పాదాలే చెక్కుతారు. ఆ పాట మా అవ్వ కట్టిందని ఒక్క కాగితం రాసివ్వమని అడిగాను. లెక్చరర్ గారు దానికి ఒప్పుకోవచ్చని నా ఆశ. రాజన్న చాయ్ తెప్పించి, నేను తాగేదాకా ఆగాడు.

"చెల్లె, నువ్వు లెక్కల మనిషివి గదా," అన్నాడు. "మా బాపు మాట ఇచ్చిండు, మీ అవ్వ పేరు ఇచ్చింది. చెల్లిపోయిందని ఆమెనే అన్నది. ఇచ్చినదాన్ని ఇప్పుడు నువ్వు వాపస్ అడుగుతున్నవు. గిదేం లెక్క?"

నేను గ్లాసు కింద పెట్టాను. అతను కిటికీ వైపు చూస్తూ ఇంకొంత చెప్పాడు. వాళ్ల బాపు కట్టించిన నీళ్ల ట్యాంకును రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కూలగొట్టారట. తెప్పించిన బడి మీద ఇప్పుడు వేరేవాళ్ల పేరు ఉందట. మూడుసార్లు గెలిచిన మనిషికి చివరికి మిగిలింది తానెన్నడూ ఇవ్వని లారీ ఒక్కటే, అది కూడా తీసుకుంటే ఏముంటది అన్నాడు. నేను లేచి వచ్చాను. మిగతా పదహారు ఇళ్లకు పోలేదు. రాజన్న చెప్పింది ఆ పదహారింటికీ సరిపోతుంది.

ఇక మిగిలింది పేరు లేని పాట. దాని చివర ఖాళీగా ఉంది. అవ్వ పేరుతో రెండు పాదాలు ఎవరి చేతనైనా కట్టించి పెడితే ఎవరి దగ్గరా లాక్కున్నట్టు కాదు. కాదనేవాళ్లు కూడా లేరు, ఒక్కరు తప్ప. అందుకని బౌరంపేట్ పోయాను. వరలక్ష్మి గారు కొడుకుతో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటున్నారు. గేటు దగ్గర నా పేరు, ఎవరికోసం, ఏం పని అని అడిగారు. పాట పని అంటే కుర్రాడు ఒకసారి చూసి, పర్సనల్ అని రాసుకున్నాడు. ఒకప్పుడు మా ఇంటి గేటు దాటి లోపలికి వచ్చినవాళ్లను ఒక మాట ఇచ్చి పొమ్మని అడిగేవాళ్లం. ఇక్కడ ఫోన్ నంబరు ఇస్తే చాలు.

ఆమెకు మోకాళ్ల నొప్పులు. నన్ను చూసి లేవబోయి కూర్చున్నారు. సంగతంతా విని, అందులో ఆలోచించడానికి ఏముందమ్మా, మామ్మగారి పాట, ఆవిడ పేరే పెట్టించు, నేనిచ్చింది ఒక్క మాటేగా అన్నారు. నాకు కావలసింది అదే. పని అయిపోయింది కాబట్టి లేవచ్చు. కాఫీ తెచ్చేదాకా కూర్చోమన్నారు. ఏటా కింద పార్కులో బతుకమ్మ ఆడతారట, పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు పెట్టి రికార్డు పాటలు వేస్తారట. ఆమె ఆడరట, బెంచీ మీద కూర్చుని వింటారట. ఏ పాటైనా అయిపోవచ్చేటప్పుడు మాత్రం కాస్త ముందుకు వంగి వింటానని చెప్పి, ఆమె నవ్వారు.

"నా పేరు కాస్త పొడుగు కదమ్మా," అన్నారు. "మామ్మగారు ఎలా ఇమిడ్చేవారంటావు?"

నాకు తెలియదన్నాను. అది నిజం.

తిరిగి వచ్చే దారిలో బస్సులో కూర్చుని లెక్క వేశాను. అవ్వ లెక్క ప్రకారమే వేశాను, నా లెక్క ప్రకారం కాదు. ఆ ఖాళీ చోటు అవ్వది కాదు. మాట తీసుకున్న రోజే అది వేరే మనిషిదైంది. ఆమె ఉదారంగా వదులుకున్నంత మాత్రాన అవ్వ తీసుకునే రకం కాదు. మరునాడు లెక్చరర్ గారికి ఫోన్ చేసి, పేరున్న చరణం దొరకలేదని చెప్పాను. ఇంకోసారి వెతకమన్నారు. వెతికానన్నాను.

పార్కు గోడ అనుకున్న రోజే తెరిచారు. నేను పోయి చూశాను. నాయకుల వరుసలో బుచ్చన్న ఉన్నాడు, అక్షరాలు పసుపు రంగులో బాగా కనిపిస్తున్నాయి. లారీ పాదాల ముందు ఒక ఆయన ఆగి, అప్పటి లీడర్లు అట్ల ఉండేవాళ్లని మనవరాలికి చెప్తున్నాడు. కవుల వరుసలో అవ్వ లేదు. అప్పుడు మా వాకిట్లో ఒక పేరు సంపాదించాలంటే ఒక మాట ఇవ్వాలి, ఇప్పుడు గోడ మీదికి ఎక్కాలంటే ముందే పేరు ఉండాలి. రెండింట్లో ఏది కష్టమో తేల్చడం నా కొలతలకు అందలేదు.

ఆ చరణం కోసం నేను ఇంట్లో ఒంటరిగా కూర్చుని చప్పట్లు కొట్టి చూశాను. వరలక్ష్మి అన్న పేరు ముందు పెట్టాను, వెనక పెట్టాను, విరిచి పెట్టాను. చప్పట్లు నిండుతాయి, చరణం కాదు. కట్టగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే రమ్మని ఇద్దరు ముగ్గురికి చెప్పి ఉంచాను. బర్రె సంగతి, చేను సంగతి వాళ్లకు మొదటి నుంచి చెప్పాలి, అది నేను చూసుకుంటాను.

రాజన్న వైపు నుంచి గాని, మిగతా పదహారు ఇళ్ల నుంచి గాని మా అవ్వకు రావలసింది ఏమీ లేదు. మా అవ్వ వైపు నుంచి ఇవ్వవలసింది మాత్రం అలాగే ఉంది: రెండు పాదాలు, ఎనిమిది చప్పట్లు, ఒక పేరు.